ముఖం కాలినవారికి ల్యాబ్ చర్మం: మెడిసినా, ఇంజినీరింగా?

ప్రశ్న: మా అమ్మాయి కాలేజీలో చేరబోతోంది. ముఖం కాలినవాళ్లకు ల్యాబ్‌లో తయారైన చర్మం అతికిస్తారని ఎక్కడో చదివింది. అప్పటి నుంచి ఆ పనే చేస్తానంటోంది. మెడిసిన్ చదివించాలా, బయోమెడికల్ ఇంజినీరింగా? అసలు ఇందులో ఉద్యోగాలుంటాయా?

జవాబు: అమ్మా, కోర్సు సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ అమ్మాయిని ఒక్కటి అడగండి. గాయపడిన మనిషి ఎదుట నిలబడి పనిచేయాలనుందా, ఆ గాయం మీద వేసేదాన్ని తయారుచేయాలనుందా? ఈ రంగానికి ఇద్దరూ కావాలి. ఇంటెగ్రా అనే కృత్రిమ చర్మాన్ని రూపొందించింది జాన్ బర్క్ అనే సర్జన్, అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన ఐయోనిస్ యానస్ అనే ఇంజినీరు కలిసి. అడుగున ఆవు కొలాజెన్‌తో (చర్మానికి బలాన్నిచ్చే ప్రొటీన్) చేసిన స్పాంజిలాంటి పొర, పైన సిలికోన్ పొర. గాయంలోని కణాలు, రక్తనాళాలు ఆ కొలాజెన్‌లోకి పాకి కొత్త లోపలి చర్మాన్ని కట్టుకుంటాయి. కొన్ని వారాలకు సిలికోన్ ఒలిచేసి, రోగి సొంత చర్మంలోంచి పల్చటి పొర తీసి పైన వేస్తారు. దీనికి 1996లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది.

కణాలను పెంచడం ఇంకో దారి. 1975లో హోవర్డ్ గ్రీన్, జేమ్స్ రైన్‌వాల్డ్ మనిషి చర్మకణాలను ల్యాబ్‌లో పెంచే పద్ధతి ప్రచురించారు. చిన్న చర్మపు ముక్క చాలు, మూడు వారాల్లో పెద్ద గాయాలను కప్పేంత పొరలు వస్తాయి. కానీ ఆ పొర కొద్ది కణాల మందమే ఉంటుంది. పెంచిన పాత్రకు అంటుకుని ఉన్న ఆ పొరను ఎంజైమ్‌తో విడదీసి, గాజుగుడ్డ ఆసరాతో ఆపరేషన్ థియేటర్‌కు చేర్చాలి. అక్కడ ఇన్‌ఫెక్షన్ సోకినా, రాపిడి తగిలినా ఊడిపోతుంది. అన్నాళ్ల శ్రమ పోతే మళ్లీ మొదలుపెట్టే ఓపిక మీ అమ్మాయికి ఉండాలి. ఈ పనిలో నేను మార్కులకంటే ముందు చూసేది అదే.

ముఖం దగ్గరికొచ్చేసరికి కష్టం రెట్టింపు. గాయం మానేటప్పుడు చర్మం ముడుచుకుంటుంది. వీపు మీద అయితే కొంత సర్దుకోవచ్చు, కనురెప్ప కింద అదే ముడుచుకోవడం రెప్పను బయటికి లాగేస్తుంది, కన్ను మూతపడదు. పెదవి లాగితే మాట, తిండి రెండూ ఇబ్బందే. ఇప్పుడు వాడుకలో ఉన్న ల్యాబ్ చర్మాల్లో వెంట్రుకల కుదుళ్లు, చెమట గ్రంథులు ఉండవు, రంగు కూడా చుట్టుపక్కల చర్మంతో కలవడం కష్టం. అందుకే చిన్న ముఖగాయాలకు సర్జన్లు వీలైతే చెవి వెనక నుంచో మెడ నుంచో రోగి సొంత చర్మాన్నే తీస్తారు. మీ అమ్మాయికి పని మిగిలి ఉన్నది సరిగ్గా ఇక్కడే. 2020లో మూలకణాల (ఏ రకం కణంగానైనా మారగల కణాలు) నుంచి వెంట్రుకలు మొలిచే చర్మాన్ని పెంచారు. 2023లో కొలంబియా విశ్వవిద్యాలయ బృందం అతుకుల్లేకుండా, తొడుగులా త్రీడీ ఆకారంలో చర్మాన్ని పెంచింది. రోగుల ముఖాల దాకా ఇవి రావడానికి ఇంకా చాలా పని ఉంది.

రోగుల మధ్య ఉండాలనుకుంటే మెడిసిన్, ఆ తర్వాత ప్లాస్టిక్ సర్జరీ. ఏళ్లు పడతాయి, దానికి దగ్గర దారి లేదు. తయారీ వైపైతే డిగ్రీలోనే 'టిష్యూ ఇంజినీరింగ్' (శరీర కణజాలాన్ని తయారుచేసే విద్య) అనే పేరు వెతకొద్దు. సెల్ బయాలజీ, బయోటెక్నాలజీ, కెమికల్ లేదా మెటీరియల్స్ ఇంజినీరింగ్‌లో ఒకదాన్ని గట్టిగా చదివి, పీజీలో ఇటు తిరగడమే నాకు మంచిదనిపిస్తుంది. పునాది విషయం గట్టిగా ఉంటే దారి మారినా చదువు వృథా కాదు.

ఉద్యోగాల గురించి దాపరికం లేకుండా చెబుతాను. కొత్త చర్మాన్ని కనిపెట్టే పోస్టులు తక్కువ, వాటికి సాధారణంగా పీహెచ్‌డీ కావాలి. క్లీన్‌రూమ్‌లో (దుమ్ము, క్రిములు చేరకుండా ఉంచే గది) కణాల తయారీ, నాణ్యత పరీక్షలు, అనుమతుల పత్రాలు, దానంగా వచ్చిన చర్మాన్ని దాచే స్కిన్ బ్యాంకులు, క్లినికల్ ట్రయల్స్ నిర్వహణ లాంటి పనులకు డిగ్రీ, పీజీ ఉన్నవాళ్లనూ తీసుకుంటారు. కంపెనీలు మాత్రం నిలకడగా ఉంటాయనుకోకండి. కృత్రిమ చర్మానికి పేరుపొందిన ఆర్గానోజెనెసిస్, అడ్వాన్స్‌డ్ టిష్యూ సైన్సెస్ రెండూ 2002లోనే దివాలా రక్షణ కోరాయి. మొదటిది మళ్లీ నిలదొక్కుకుంది, రెండోది మూతపడింది. కాబట్టి ఒక్క ఉత్పత్తిని నమ్ముకోకుండా కణాల పెంపకం, నాణ్యత నియమాలు నేర్చుకుంటే వ్యాక్సిన్లు, జీన్ థెరపీ కంపెనీల్లోనూ పని దొరుకుతుంది.

అడ్మిషన్ ఫారం నింపేలోపు సెల్ కల్చర్ (కణాల పెంపకం) ల్యాబ్ ఉన్న ఏ కాలేజీనైనా అడిగి, కొన్ని రోజులు మీ అమ్మాయిని అక్కడ కూర్చోనివ్వండి. కణాలకు ఆదివారం సెలవు తెలియదు, వాటిని పెంచే పోషక ద్రవం (మీడియం) మార్చాల్సిందే. అది చూశాక కూడా వెళ్తానంటే, నాకు మళ్లీ రాయండి, కోర్సులు ఒక్కొక్కటీ కలిసి చూద్దాం.