ముందు తన తూము మూసుకున్నవాడే నాయకుడు

రాజకీయ నాయకత్వం గురించి చరిత్ర నేర్పే ముఖ్యమైన పాఠం ఏమిటని అడిగారు. ఈ ప్రశ్నకు అశోకుడి నుంచి లింకన్ దాకా అందరినీ జవాబుగా చెబుతారు. నాకు తెలిసిన పాఠం ఒక్కటే. నష్టం పంచుకోవలసి వచ్చినప్పుడు మొదటి వాటా తాను తీసుకోనివాడి మాట జనం వినరు.

1965లో ఒకపక్క యుద్ధం, మరోపక్క తిండిగింజల కొరత. వారానికి ఒక పూట భోజనం మానమని లాల్ బహదూర్ శాస్త్రి దేశాన్ని అడిగారు. ముందు తన ఇంట్లో మాన్పించాకే అడిగారు కాబట్టి జనం సోమవారం రాత్రి పస్తున్నారు.

మాది కోనసీమ. 2009లో వానలు ముఖం చాటేయడంతో ఆ తర్వాతి దాళ్వాకు, అంటే రెండో పంటకు, గోదావరి నీరు చాలలేదు. ఎగువన సీలేరు జలాశయాల నుంచి వదిలే నీటి మీదే ఆశ. ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లున్నా నదిలో నీళ్లు లేకపోతే ఏం లాభం? కాలువలకు వంతులు పెట్టారు. కాగితం మీద వంతు అందరికీ సమానమే. ఎగువ చేలు తడిశాకే కాలువ చివరనున్న శివారుకు చుక్క దిగుతుందన్నది మా దగ్గర చిన్నపిల్లలకూ తెలుసు.

మా బాబాయి అప్పుడు నీటి సంఘం అధ్యక్షుడు. ఆయన పొలం సరిగ్గా కాలువ తల దగ్గర. శివారులో వరి పొట్ట మీద, అంటే వెన్ను తీసే ముందు దశలో, ఉండగా చేలు నెర్రెలిచ్చాయి. ఒక రాత్రి అక్కడి రైతులు పలుగులు, పారలతో గట్టు మీదికి వచ్చేశారు. కాలువ నీళ్లు చూసుకునే లస్కరు జాడ లేదు. బాబాయి ఎవరికీ సర్దిచెప్పబోలేదు. లుంగీ ఎగగట్టి, తన పొలానికి నీరు పారే తూము దగ్గర నీళ్లలోకి దిగాడు. తలుపు కింద సందులో ఎండుగడ్డి కుక్కి, మట్టి నింపిన గోనె సంచులు అడ్డం వేసి, పైన బురద మెత్తాడు. టార్చి నా చేతిలో ఉంది.

"మన చేను కూడా పొట్ట మీదే ఉంది బాబాయ్" అన్నాను.

"తెలుసులే, వెలుతురు ఇటు పట్టు" అన్నాడు.

ఆయన గట్టెక్కేసరికి పక్క తూము రైతు, నీళ్ల దగ్గర సొంత తమ్ముణ్ణి కూడా నమ్మని మనిషి, సంచులు వెతుక్కుంటున్నాడు. తెల్లవారేలోగా ఎగువ తూములు వరసగా మూతపడ్డాయి. పోలీసులూ రాలేదు, ఇంజినీరూ రాలేదు. పిన్ని మాత్రం చాలా రోజులు బాబాయితో మాట్లాడలేదు. ఆ దాళ్వాలో మా దిగుబడి బాగా పడిపోయింది మరి.

దీనితో పోల్చి చూడండి. 2011లో కోనసీమ రైతులు సార్వా, అంటే తొలి పంట, వేయబోమని పంట విరామం ప్రకటించారు. పెట్టుబడి పెరిగి ధర గిట్టని బాధతో పాటు ముంపు నీరు దిగని మురుగు కాలువల గోడూ అందులో ఉంది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. మా ఊళ్లకు నాయకుల కార్లు బారులు తీరాయి. దిగినవారిలో అమ్ముడుపోని ధాన్యం సొంత ఇంట్లో పెట్టుకున్నవారు ఒక్కరైనా ఉన్నారా? వారి బుజ్జగింపులు ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఏటా మే 15న కాటన్ దొర జయంతికీ అవే కార్లు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి గోదావరి మీద ఆనకట్ట కట్టించినవాడు, దండ వేయవలసినవాడే. కానీ దండ వేసి వెనుదిరిగితే కాలువలో కనబడే గుర్రపుడెక్క సంగతి ఎవరికీ పట్టదు. పూడిక తీయిస్తే శిలాఫలకం మీద పేరు పడదు కదా! కాలువలు కట్టేసిన వేసవి రోజులన్నీ టెండర్లతో గడిపి, మా వైపు మే నెలాఖరుకు యంత్రాలు దింపుతారు. జూన్‌లో నీళ్లు వదిలాక ఎంత లోతు తీశారో ఎవరు చూడొచ్చారు? కొలతలు మాత్రం బిల్లులో పక్కాగా ఉంటాయి.