వైర్ తెగింది సరే, మార్చాల్సింది ఎవరు?

అబ్బయ్యా,

క్వారీలో బండ కోసే వైరు తెగి నాయన చనిపోయే నీ కథ అందింది. మధ్యాన్నం అన్నం తిన్నాక ఒకసారి చదివా, కోపం వచ్చి పక్కన పెట్టేశా. రాత్రి కూర్చోని మళ్ళీ చదివా, కోపం తగ్గలా. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెప్పచ్చు గానీ ఫోన్లో అయితే నువ్వు సరే మాస్టారూ సరే మాస్టారూ అని వదిలేస్తావు.

ముందు బాగున్నది చెప్పేస్తా. క్వారీ కాడికి నాయనకి అన్నం తెచ్చిన పిల్ల క్యారేజీ మూత మీద పడ్డ దుమ్ములో వేలితో తన పేరు రాసుకోవడం, నాయన ఆ పేరు చెరిగిపోకుండా మూతని జాగ్రత్తగా పక్కన పెట్టి తినడం. అది కళ్ళతో చూసి రాసింది, బాగుంది.

ఇక మూడో పేజీ. "ఆ రోజు విధి కన్నెర్ర చేసింది. ప్రమాదవశాత్తూ వైర్ తెగింది. పూసలు తూటాల్లా వచ్చి నాన్న గుండెలో దిగాయి." ఇందులో మూడో వాక్యం ఒక్కటే నీది అబ్బయ్యా. మొదటిది పాత నాటకాల్లోది, రెండోది జిల్లా పేపర్లోది. ఈ ప్రమాదవశాత్తూ అనే మాట నేను ఎన్ని వందల సార్లు చదివానో లెక్కలేదు, ప్రమాదవశాత్తూ జారిపడి, ప్రమాదవశాత్తూ బెల్టులో చెయ్యి పడి, ప్రమాదవశాత్తూ బండ కూలి. అది రాసినాక వాక్యంలో మనిషి అనేవాడు ఉండడు. చేసినోడు లేడు, చెయ్యాల్సింది చెయ్యనోడు అసలే లేడు. బళ్ళో మనకి కర్త, కర్మ, క్రియ అని నేర్పించారు కదా, పని చేసే చోట మనిషి చచ్చిపోయిన కథలో కర్త లేని వాక్యం రాయడం తప్పు అని నేను నమ్ముతా. భాష తప్పు కాదు, అన్యాయం అని అంటన్నా.

వైర్ తనంతట తను తెగదు. చీమకుర్తి రాతి క్వారీల్లో నువ్వు చూసే ఉంటావు, పైనించి ఒక బోరు, పక్కనించి ఒక బోరు కొట్టి రెండూ కలిసినాక అందులోనించి వజ్రాల పూసల తీగ దూర్చి, కొసలు రెండూ క్లిప్పు పెట్టి నొక్కి, మిషను పట్టాల మీద వెనక్కి జరుగుతా ఉంటే పైన నీళ్ళు పోస్తా కోస్తారు. తెగినప్పుడల్లా మళ్ళీ క్లిప్పు వేసి నొక్కుతారు. ఎన్ని అతుకులు అయినాక ఆ తీగ పక్కన పడేయాలో ఎవరో ఒకరు నిర్ణయించాలి. తీగ తిరిగే వరసలో మనిషి నిలబడకూడదు, తెగితే పూసలు ఆ వరసలోనే వస్తాయి, అందుకని కంట్రోలు పక్కకి పెట్టాలి, మధ్యలో అడ్డం పెట్టాలి. నీ కథలో ఆ అడ్డం ఏది? ఎవరు తీశారు? జరపడానికి టైం పడతందని మేటు, అంటే కూలోళ్ళ పెద్ద, తీయించాడా, కొత్త వైర్ అడిగితే ఈ బ్లాకు అయిపోనీ అని ఫోర్మన్ అన్నాడా, అసలు కొనే లెక్కల్లోనే ఆ అడ్డం లేదా? కథ అక్కడుంది. నువ్వేమో కథని తీసకపోయి విధి చేతిలో పెట్టావు.

చట్టం కూడా ఇదే ప్రశ్న అడుగుతుంది, చాలామంది కథకులకి ఈ సంగతి తెలీదు. క్వారీ అంటే గని కిందే లెక్క, నీ కథ జరిగే నాటికి 1952 గనుల చట్టం వర్తించేది, అందులో 18వ సెక్షన్ ఓనరు, ఏజెంటు, మేనేజరు ఈ ముగ్గురి పేరూ పెట్టి బాధ్యత వేసింది. నేను పనిచేసిన చోట మేనేజరు సర్టిఫికెట్ అద్దంలో పెట్టి గోడకి తగిలించి ఉండేది, ఆ మనిషిని మాత్రం నేను రెండుసార్లే చూశా. ఫ్యాక్టరీల సంగతి కూడా తెలుసుకో, పాలిషింగ్ యూనిట్ల మీద ఇంకో కథ రాస్తానన్నావు కదా. 1948 ఫ్యాక్టరీల చట్టంలో మొదట్లో కంచెలు, గాలి, వెలుతురు ఇట్ట విడివిడిగా ఉండేవి, 1984లో భోపాల్ జరిగినాక 1987లో 7ఏ అని ఒక సెక్షన్ చేర్చారు, పనిచేసే వాళ్ళ ఆరోగ్యం, భద్రత చూడాల్సిన బాధ్యత మొత్తం ఆక్యుపయర్ మీద అని. ఆక్యుపయర్ అంటే ఫ్యాక్టరీ మీద అసలు పెత్తనం ఉన్నోడు. కంపెనీలు ఏం చేశాయంటే జీతానికి ఉన్న ఒక ఉద్యోగి పేరు ఆక్యుపయర్ అని రాసిచ్చి డైరెక్టర్లు తప్పుకునేవాళ్ళు. 1996లో జేకే ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు అది కుదరదు, కంపెనీ అయితే డైరెక్టరే ఆక్యుపయర్ అవ్వాలి అని తేల్చింది. చూశావా, అన్నేళ్ళు కోర్టుల్లో జరిగిన వాదన అంతా ఈ వాక్యానికి కర్త ఎవరు అనే దాని మీదే.

ఇంక నన్ను నిద్ర పోనివ్వంది చివరి పేజీ. ఓనరు గారు కారు దిగి, పెద్ద మనసుతో 2 లక్షలు ఆ తల్లి చేతిలో పెడితే ఆమె దణ్ణం పెట్టింది అని రాశావు. పాఠకుడి కంట్లో నీళ్ళు రావాలని రాశావు. నాకు ఇంకోరకంగా వచ్చాయి. లెక్క చేద్దాం రా. నీ కథలో ఆయన వయసు 40, నెలకి 18,000. కథ జరిగేది 2022. పని చేసే చోట ప్రమాదాలకి నష్టపరిహారం చట్టం 1923 నించీ ఉంది, 2025 నవంబర్లో కొత్త కోడ్లో కలిపేదాకా అదే నడిచింది, నీ కథకి వర్తించేదీ అదే. 2022లో ఆ లెక్కకి జీతం 15,000 వరకే తీసుకునేవాళ్ళు, మనిషి చనిపోతే అందులో సగం అంటే 7,500, దాన్ని వయసుని బట్టి పట్టికలో ఉన్న అంకెతో గుణిస్తారు, 40 ఏళ్ళకి 184.17. మొత్తం 13,81,275 రూపాయలు. అది దయ కాదు, అప్పు. నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే పైన సగం దాకా జరిమానా. అంటే నీ పెద్ద మనసు ఓనరు ఆ ఇంటికి 11,81,275 ఎగ్గొట్టి దణ్ణం పెట్టించుకున్నాడు, నువ్వు దానికి సాక్షి సంతకం పెట్టావు.

ఇంకో సంగతి, ఆ చట్టంలో 8వ సెక్షన్ చూడు. చనిపోయినోళ్ళ డబ్బు ఓనరు నేరుగా ఇంటోళ్ళ చేతికి ఇస్తే, మూడు నెలల జీతం దాకా అడ్వాన్సు తప్ప, అది పరిహారం కింద లెక్కకే రాదు, కమిషనర్ దగ్గర అంటే మన లేబర్ ఆఫీసులో జమ చేయాలి. 17వ సెక్షన్ ఏమో, హక్కు వదులుకుంటన్నా అని ఎవరు ఏ కాయితం రాసిచ్చినా చెల్లదు అంటది. మా మనుషులు కాదు, కాంట్రాక్టరు మనుషులు అంటే 12వ సెక్షన్ ఉంది, ముందు అసలు ఓనరు కట్టి తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవాలి.

ఇవన్నీ నాకు చదువుకోని తెలియలేదబ్బయ్యా. 2002లో నేను ఒక క్వారీ ఆఫీసులో గుమాస్తాని, పొద్దున మస్టరు రాసేది, సాయంత్రం బ్లాకుల కొలతలు రాసేది, రాత్రిళ్ళు కథలు రాసేది. ఒకరోజు బెంచి, అంటే మెట్టులా కోసిన రాతి అంచు నించి రాయి జారి ఒకాయన పోయాడు, 30 ఏళ్ళు, నెలకి 3,000, కనిగిరి వైపు మనిషి. సాయంత్రానికల్లా పెద్దమనుషులు వచ్చారు, 70,000కి తెగ్గొట్టారు, నా చేతిరాత బాగుంటదని స్టాంపు పేపర్ నా చేత రాయించారు. 'ప్రమాదవశాత్తూ మరణించినందున', 'నా పూర్తి అంగీకారముతో', 'ఇకమీదట ఎట్టి హక్కులు లేవని'. అంత అందమైన తెలుగు నేను కథల్లో కూడా రాయలా. ఆమె వేలిముద్ర వేసేటప్పుడు చంకలో బిడ్డ ఏడస్తా ఉంటే నేనే ఆ బిడ్డని ఎత్తుకున్నా. 2007లో ఒంగోల్లో ఒక వకీలు దగ్గర టైపింగ్ పనికి చేరినాక ఆ చట్టం పుస్తకం మొదటిసారి నా చేతికి వచ్చింది. అప్పటి లెక్కన కూడా 3,11,970 రావాలి. ఆ కాయితం చెల్లదు. అడగటానికి 2 ఏళ్ళ గడువు, అది దాటిపోయింది, కారణం చూపిస్తే కమిషనర్ మన్నించచ్చు అని వకీలు అంటే ఆమె కోసం కనిగిరి పోయా. ఇల్లు తాళం. బేల్దారి పనికి హైదరాబాద్ పోయారని ఒకరు, మద్రాసు అని ఒకరు. రెండుసార్లు పోయా, దొరకలా.

దాని మీద కథ రాశా. ఒక వారపత్రికకి పంపిస్తే ఎడిటర్ ఉత్తరం రాశాడు, కథ బాగుంది, చట్టం గొడవ తీసేసి భార్య బాధ పెంచండి, వేసుకుంటాం అని. ఇంకో పత్రికాయన వ్యాసంలా ఉందన్నాడు. భార్య బాధకి కారణం ఆ చట్టం గొడవే కదయ్యా అని రాసి పంపా, జవాబు లేదు. వాళ్ళకి కూలోళ్ళ ఏడుపు కావాలి, లెక్క వద్దు. ఇప్పుడు వచ్చిన ఫ్యాషన్ ఇంకోటి, నాలుగు మాండలికం ముక్కలు, రెండు సామెతలు, చివర్లో వాన. మాండలికం రాస్తే సరిపోదు, ఆ మాండలికంలో మనిషి ఏం అడుగుతున్నాడో రాయాలి. నీ కథలో చివర వాన తీసెయ్.

అట్టని కూలోణ్ణి దేవుణ్ణి చెయ్యమాక. నీ కథలో నాయన ఏమీ తెలీని అమాయకుడు. రాయి సంగతి అతనికి తెలిసినంత ఇంజనీరుకి కూడా తెలీదు, సుత్తితో కొడితే వచ్చే చప్పుడుని బట్టి లోపల పగులుందో లేదో చెప్తారు వాళ్ళు. పనోడికీ బాధ్యత ఉంది చట్టంలో, కావాలని గార్డు, అంటే మిషనుకి పెట్టిన అడ్డం, తీయకూడదు, ఇచ్చిన హెల్మెట్ పెట్టుకోవాలి, ప్రమాదం కనపడితే చెప్పాలి. ఓనర్లు దీన్నే పట్టుకుంటారు, ఇచ్చాం, పెట్టుకోలేదు అని. గాయం వరకైతే ఆ వాదన కొంత పని చేస్తది గానీ మనిషి పోయినా, ఇంక ఏ పనీ చేయలేని స్థితికి వచ్చినా ఆ వాదన పరిహారానికి అడ్డం రాదు. అయినా ఫీటు లెక్కన కూలి ఇచ్చే చోట గార్డు బిగిస్తా కూర్చుంటే కూలి పడదు, మరి గార్డు తీసింది అతని చెయ్యా, ఆ రేటా? ఇది రాయి. నాయన చేత ఒక్కసారి మేటుకి చెప్పించు, 'అన్నా, ఈ వైరు ఇంక పనికిరాదు' అని. మేటు ఏమన్నాడో రాయి. మేటు కూడా చెడ్డోడు కానక్కరలా, అతని బామ్మర్ది కూడా అక్కడే పనిచేస్తా ఉండచ్చు.

ఒక తప్పు సరిదిద్దుకో. గెలాక్సీ రాయి దుమ్ము పీల్చి పక్కింటాయనకి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చిందని రాశావు. చీమకుర్తి నల్ల రాయిని గ్రానైట్ అని అమ్ముతారు గానీ అది గాబ్రో జాతి, ఆ జబ్బు తెచ్చే స్ఫటికం అందులో చాలా తక్కువ. నిజం గ్రానైట్లో 20 శాతం పైన ఉంటది, పాలిషింగ్ యూనిట్లకి వచ్చే రంగు రాళ్ళు అవే, కాబట్టి ఆయన్ని అక్కడ నీళ్ళు లేకుండా పొడిగా గ్రైండింగ్ చేసే పనిలో పెట్టు, సరిపోతది. ఆ జబ్బుకి మందు లేదు, పని మానేసినా పెరగతానే ఉంటది, టీబీ అని ఏళ్ళ తరబడి మందులు వాడేవాళ్ళు ఉన్నారు. తేదీ లేని ప్రమాదం అది. దానికీ కర్త ఉన్నాడు, ఆ 1923 పరిహారం చట్టం మూడో షెడ్యూల్లో ఆ జబ్బు ఉంది, నలుగురు ఓనర్ల దగ్గర చేసి ఉంటే నలుగురికీ వాటా వేయచ్చు.

ఈ పాత చట్టాల బదులు కొత్త కార్మిక కోడ్లు వచ్చాయి కదా అంటావు. 2025 నవంబర్ 21 నించి అమల్లోకి వచ్చాయి, గనుల చట్టం, ఫ్యాక్టరీల చట్టంతో సహా 13 చట్టాలు కలిపి భద్రత కోడ్ ఒకటి చేశారు. బాధ్యత మరిచి మనిషి చావుకి కారణమైతే జరిమానా 5 లక్షలకి తగ్గకూడదు, అందులో సగానికి తగ్గకుండా ఆ ఇంటికే ఇమ్మని కోర్టు చెప్పచ్చు, ఇది మంచిదే. కానీ కరెంటుతో నడిచే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ అయ్యేది ఇప్పుడు 20 మంది ఉండాలన్నారు, మన రోడ్ల పక్కన షెడ్లలో ఎంతమంది చేస్తారో నువ్వే పోయి లెక్కపెట్టు. అదే ఏడాది ఆగస్టులో మన పాత ప్రకాశం జిల్లా బల్లికురవ దగ్గర క్వారీలో ఒడిశా కూలోళ్ళు 6 మంది పోయారు. ఒడిశా ఊళ్ళలో ఉన్న వాళ్ళ ఆడోళ్ళకి ఒంగోల్లో గానీ బాపట్లలో గానీ ఏ ఆఫీసుకి పోవాలో ఎవరు చెప్తారు? ఇది నువ్వు రాయాల్సిన కథ.

పెన్ నేమ్ సంగతి, ఏ పత్రికకి పంపాలనేది, కథ ఎన్ని పేజీలుండాలనేది అడిగావు. అవి తర్వాత. ముందు ఇది తిరగరాయి. క్యారేజీ మూత అట్టాగే ఉంచు, విధిని తీసెయ్, ప్రమాదవశాత్తూ తీసెయ్, ఓనరు కారు దిగే సీను ఉంచు గానీ ఆ 2 లక్షల పక్కన 13,81,275 అనే అంకె ఎవరో ఒకరి నోట పలికించు, లేబర్ ఆఫీసులో అటెండరు చేతైనా సరే.

ఒంగోలు వచ్చినప్పుడు ఇంటికి రా. ఆ స్టాంపు పేపర్ జిరాక్స్ ఒకటి నా దగ్గర ఉంది, అప్పట్లో ఆఫీసు ఫైలు కోసం తీయించింది. వేలిముద్ర సగమే పడింది, మిగతా అంతా నా చేతిరాత. చూపిస్తా.

మీ మాస్టారు