ఎనిమీ బొమ్మ కాగితం మీద బాగుంది, గేమ్‌లో పెడితే మచ్చలా ఉంది, ఏం చెయ్యాలి?

తమ్ముడూ, ఆరు చేతుల రాక్షసుణ్ణి గీశాను, గేమ్‌లో పెడితే ఎవడు ఎప్పుడు కొడతాడో ఆడేవాళ్లకి తెలియట్లేదు అని రాశావు కదా, నాకూ అచ్చం ఇదే అయ్యింది, కాకపోతే నాది పులి.

మాది బరంపురం, నేతపని చేసే ఇల్లు. ఇక్కడ రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర అని అమ్మవారి జాతర జరుగుతుంది, అందులో పులి వేషగాళ్లు వస్తారు, ఒళ్లంతా పసుపు రంగు, దాని మీద నల్ల చారలు, వెనక తోక, డోలు మోగుతుంటే చిన్నప్పుడు అమ్మ కొంగు వెనక దాక్కునేవాణ్ణి. ముగ్గురు ఫ్రెండ్స్‌మి కలిసి ఫోన్ గేమ్ మొదలెట్టినప్పుడు విలన్ ఎవడ్రా అంటే ఇంకెవడు, పులి వేషమే అన్నాను. క్రితా అని కంప్యూటర్‌లో బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఉంది, దాంట్లో పది రోజులు కూర్చుని చార చారకీ షేడింగ్ ఇచ్చాను, మావాళ్లు ఫోన్‌లో వాల్‌పేపర్‌గా కూడా పెట్టుకున్నారు. గేమ్‌లో వాడి ఎత్తు 64 పిక్సెల్స్. చారలన్నీ కలిసిపోయి బురదైపోయింది, పైగా వెనకాల ఎండుగడ్డి, అదీ పసుపే. మా అక్క కొడుక్కి ఆడమని ఇస్తే "మావయ్యా, ఈ బస్తా ఏటి?" అన్నాడు.

మా తాత పక్కనుంచి తొంగి చూసి, చీర అంచులో కుంభం రోడ్డవతల నుంచి చూసినా కుంభంలాగే కనబడాలిరా, లోపలి పువ్వు సంగతి తర్వాత అన్నాడు. ఆయనకి గేమ్ అంటే ఏంటో తెలీదు, నాకు కోపమొచ్చింది గానీ అన్నది కరెక్టే.

అందుకని మళ్లీ మొదటికొచ్చి బొటనవేలంత సైజులో ఇరవై బొమ్మలు గీశాను, ఉత్త నలుపు, కళ్లు లేవు చారలు లేవు. అందులో పులి అని చూడగానే తెలిసినవి రెండే. పద్నాలుగు చారలు పోయి మూడు లావుపాటివి మిగిలాయి. రంగులు వేశాక స్క్రీన్‌షాట్‌ని బ్లాక్ అండ్ వైట్ చేసి చూడు, ఎనిమీ, బ్యాక్‌గ్రౌండ్ ఒకే బూడిద రంగులోకి వచ్చేస్తే ఎంత మంచి రంగు వేసినా దండగే, నేను గడ్డిని లేత నీలం వైపు తిప్పేశాను.

ఇదంతా సగమే. నేను చేసిన అసలు తప్పేంటంటే వాడు ఏం చేస్తాడో తేల్చుకోకుండా వాడు ఎలా ఉంటాడో గీసేయడం. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ గేమ్‌లో స్పైనీ అనే ఎనిమీని చూడు, వీపు మీద ముళ్లుంటాయి, దాని మీదకి దూకకూడదని ఎవడూ చెప్పక్కర్లేదు. అందులోనే తొక్కి చంపే గూంబా అనే ఎనిమీ అయితే ఇంకా చిత్రం, గేమ్ దాదాపు అయిపోయాక పెట్టారు, అప్పటికి మెమరీ మిగల్లేదు, అందుకని ఒకే బొమ్మని ఎడమకీ కుడికీ తిప్పి నడుస్తున్నట్టు చూపించారు. అంత చిన్న బొమ్మయినా తొక్కాలనే అనిపిస్తుంది.

మా పులి పని ఒక్కటే, దూకడం. దూకే ముందు ఆడేవాడికి తెలియాలి, దానికి తోకని వాడాం, తోక నిటారుగా లేస్తే దూకబోతోందని లెక్క. మొదట 12 ఫ్రేములు ఇచ్చాం, మా గేమ్ సెకనుకి 60 ఫ్రేములు కాబట్టి అది సెకనులో అయిదో వంతు, రెప్పపాటులో పోయేది. 30 చేశాక అర సెకను దొరికింది, మా గుంటడు "తోక లేచింది, పారిపో" అని వాడంతట వాడే అరిచాడు, నాకు ఆ పది రోజుల షేడింగ్‌కి కూడా అంత ఆనందం రాలేదు. ఒకటి మర్చిపోకు, తోకని హిట్‌బాక్స్‌లో, అంటే తగిలితే దెబ్బ పడే భాగంలో, కలపొద్దు, మేము కలిపాం, తోక తగిలి చచ్చిన ప్రతివాడూ మమ్మల్ని తిట్టాడు.

నీ రాక్షసుడి సంగతికొస్తే ఆరిట్లో కొట్టేది ఏ చెయ్యో ముందు అది చెప్పు. మిగతా అయిదూ ఒంటికి అతుక్కుపోయి ఉన్నా పర్లేదు, ఆ ఒక్క చెయ్యి మాత్రం నల్ల బొమ్మలో కూడా బయటికి పొడుచుకు రావాలి. గీసి ఇక్కడే పెట్టు, మా గుంటడికి చూపించి ఏమన్నాడో చెప్తాను.