తాళంచెవి, టికెట్టు, బిళ్ళ: జీఎస్ఎస్-ఏపీఐ క్రెడెన్షియల్స్ మీద మీ ప్రశ్నలు

సర్వర్ ప్రోగ్రాముల్లో కెర్బరోస్ (టికెట్లతో గుర్తింపు నిరూపించే పద్ధతి) లాగిన్ పెట్టేవాళ్ళ నుంచి ఈసారి ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి. దాదాపు అన్నీ జీఎస్ఎస్-ఏపీఐలో, అంటే ప్రోగ్రాములు కెర్బరోస్‌ని వాడుకునే ఇంటర్‌ఫేస్‌లో, క్రెడెన్షియల్స్ దగ్గరే తిరుగుతున్నాయి. మీరు లినక్స్ మీద ఎంఐటీ కెర్బరోస్ లైబ్రరీ వాడుతున్నారనుకుని జవాబులు రాస్తున్నాం.

ప్రశ్న: మా సర్వీసు సీ భాషలో రాసింది. రాత్రంతా బాగానే నడిచి, పొద్దున్నే ‘క్రెడెన్షియల్స్ ఎక్స్‌పైర్డ్’ అని ఆగిపోతుంది. హ్యాండిల్‌ని రిలీజ్ చేసి మళ్ళీ తీసుకునేలా కోడ్ మార్చాం. అయినా అదే ఎర్రర్. ఎవరో ఒకరు లాగినై కేఇనిట్ (టికెట్టు తెచ్చుకునే కమాండ్) కొడితే గానీ కదలడం లేదు.
— హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ చివరి వాక్యంలోనే కారణం ఉంది. క్రెడెన్షియల్ అనే ఒక్క మాట కింద మూడు వేరువేరు వస్తువులున్నాయి. వాటిని విడదీసి చూడకపోతే ఈ సమస్య ఎన్నిసార్లు కోడ్ మార్చినా తెగదు.

మొదటిది కీట్యాబ్. ఇది డిస్కు మీద ఉండే తాళంచెవి. కేడీసీలో, అంటే టికెట్లు ఇచ్చే కెర్బరోస్ సర్వర్‌లో, ఆ కీ మార్చేదాకా పనిచేస్తుంది. రెండోది క్రెడెన్షియల్ క్యాష్, అంటే కేడీసీ ఇచ్చిన టికెట్లు దాచుకునే చోటు. వీటికి గడువుంటుంది. యాక్టివ్ డైరెక్టరీలో డీఫాల్ట్ 10 గంటలు, ఎంఐటీ క్లయింటు అడిగే డీఫాల్ట్ 24 గంటలు. మూడోది జీఎస్ఎస్_అక్వైర్_క్రెడ్ మీ ప్రోగ్రాం చేతికిచ్చే హ్యాండిల్. గుడి ముందు చెప్పుల స్టాండులో ఇచ్చే బిళ్ళ లాంటిది. బిళ్ళ మార్చుకుంటే చెప్పులు కొత్తవి కావు, పారేస్తే చెప్పులు మాయం కావు.

మీరు చేసింది బిళ్ళ మార్చడం. కొత్త హ్యాండిల్ కూడా అదే క్యాష్‌లో ఉన్న, గడువు తీరిన టికెట్టునే చూపిస్తోంది. ఎన్ని సెకన్లు కావాలో చెప్పే ఆర్గ్యుమెంటులో పెద్ద అంకె వేసినా లాభం లేదు. క్యాష్‌లో టికెట్టుకి మిగిలిన సమయమే మీకు వస్తుంది.

పరిష్కారం క్లయింట్ కీట్యాబ్. ఎంఐటీ లైబ్రరీలో 1.11 వెర్షన్ నుంచి ఉంది. సర్వీసు ప్రిన్సిపల్‌కి (కెర్బరోస్‌లో ఆ సర్వీసుకున్న పేరు) ఒక కీట్యాబ్ చేయించి, సర్వీసు ఎన్విరాన్‌మెంటులో కేఆర్‌బీ5_క్లయింట్_కేటీనేమ్ అనే వేరియబుల్‌లో దాని పాత్ ఇవ్వండి. ఇక లైబ్రరీయే మొదటి టికెట్టు తెచ్చుకుంటుంది, దాని ఆయుష్షు సగం గడిచాక కొత్తది తెచ్చుకుంటుంది. క్యాష్‌ని మాత్రం ఈ సర్వీసుకి విడిగా పెట్టండి. కేఆర్‌బీ5సీసీనేమ్‌లో మెమరీ రకం ఇస్తే ఆ ప్రాసెస్ వరకే ఉంటుంది, డిస్కు మీద పడదు. మనుషులు కేఇనిట్ కొట్టే క్యాష్‌నే సర్వీసు కూడా వాడితే, ఎవరో తమ పేరుతో లాగినైన రోజున సర్వీసు వాళ్ళ పేరుతో బయటికి వెళ్తుంది.

కోడ్‌లో మీరు చేయాల్సింది కొంచెమే. యూసేజ్ ఆర్గ్యుమెంటుకి ఇనిషియేట్ అనే ఇవ్వండి. ‘బోత్’ ఇస్తే అవసరం లేని సర్వర్ కీట్యాబ్‌ని కూడా వెతికి, అది లేదని ఫెయిలవుతుంది. కొత్త కాంటెక్స్ట్ (అవతలి ప్రోగ్రాంతో గుర్తింపు తేల్చుకుని నడిపే సెషన్) మొదలుపెట్టే ముందు జీఎస్ఎస్_ఇంక్వైర్_క్రెడ్‌తో మిగిలిన సెకన్లు చూడండి. సున్నా వస్తే గడువు తీరినట్టే. 600 కంటే తక్కువుంటే పాత హ్యాండిల్ వదిలేసి మళ్ళీ తీసుకోండి. ఫెయిలైతే ఒక్కసారే రీట్రై చేసి లాగ్‌లో రాయండి. ఆగకుండా లూపులో తిప్పితే ఆ భారమంతా కేడీసీ మీద పడుతుంది.

క్రాన్‌లో (వేళ ప్రకారం కమాండ్లు నడిపేది) కేఇనిట్ -ఆర్, అంటే ఉన్న టికెట్టుని రెన్యూ చేసే కమాండ్, పెట్టి నెట్టుకొచ్చేవాళ్ళూ ఉన్నారు. అది టికెట్టు బతికుండగానే పనిచేస్తుంది. పైగా రెన్యువల్‌కీ ఒక హద్దుంది, యాక్టివ్ డైరెక్టరీలో డీఫాల్ట్ 7 రోజులు. ఎనిమిదో రోజు మళ్ళీ మొదటికొస్తారు.

ప్రశ్న: రెండు వెబ్ సర్వర్లు ఒకే పేరుతో, ముందు లోడ్ బ్యాలెన్సర్ పెట్టుకుని నడుస్తున్నాయి. మూడోది చేర్చి, దాని మీద కేఅడ్మిన్‌లో (కేడీసీ నిర్వహణ టూల్) కేటీయాడ్ ఇచ్చి కీట్యాబ్ తీశాం. కాసేపటికి పాత రెండిటి మీద లాగిన్లు పడిపోయాయి. వాటిని మేం ముట్టుకోనే లేదు.
— విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: కేటీయాడ్ ఉన్న కీని తీసి ఇచ్చే కమాండ్ కాదు. కొత్తగా ఒక యాదృచ్ఛిక కీ పుట్టించి, కేడీసీలో పాతదాని స్థానంలో పెట్టి, ఆ కొత్తదాన్ని మీ ఫైల్లో రాస్తుంది. కీ వెర్షన్ నంబరు ఒకటి పెరుగుతుంది. మూడో సర్వర్ దగ్గర కొత్త తాళంచెవి ఉంది, మొదటి రెండిటి దగ్గర పాతదే ఉంది. ‘కాసేపటికి’ అన్నారు చూడండి, అదీ ఇందుకే. అప్పటికే టికెట్టు తీసుకున్న వాడుకరులకు పాత కీతో చేసిన టికెట్టు ఉంది కాబట్టి పాత సర్వర్ల మీద వాళ్ళకు నడిచింది. కొత్తగా టికెట్టు తెచ్చుకున్నవాళ్ళకే ఆగింది.

ముందు నిర్ధారించుకోండి. మూడు సర్వర్ల మీదా కేలిస్ట్ -కేటీఈ కొట్టి వెర్షన్ నంబర్లు, ఎన్‌క్రిప్షన్ రకాలు చూడండి. ఒక క్లయింటు మీద కేడిస్ట్రాయ్, కేఇనిట్ చేసి, తర్వాత కేవీనో కమాండ్‌కి సర్వీసు ప్రిన్సిపల్ పేరు ఇస్తే కేడీసీ ఇప్పుడు ఏ నంబరుతో టికెట్లు ఇస్తోందో చెబుతుంది. ఆ నంబరు ఏ సర్వర్ కీట్యాబ్‌లో లేదో అదే మొరాయిస్తున్న సర్వర్.

సరిచేయడానికి మళ్ళీ కేటీయాడ్ ఇవ్వకండి, నంబరు ఇంకోటి పెరిగి మిగతావి పోతాయి. మూడో సర్వర్‌లోని కొత్త కీని ఎస్‌సీపీతో మిగతా రెండిటికీ చేర్చండి. అయితే పాత ఫైలు మీద రాసేయకుండా, కేటీయుటిల్‌లో రెండు ఫైళ్ళూ చదివించి కలిపి రాయండి. కీట్యాబ్‌లో పాత నంబరు, కొత్త నంబరు రెండూ ఉండొచ్చు. టికెట్టు మీద ఏ నంబరుంటే లైబ్రరీ ఆ కీ వాడుతుంది. కలిపిన ఫైలునే మూడో సర్వర్ మీద కూడా పెట్టండి, లేకపోతే పాత టికెట్టుతో అక్కడికి వచ్చినవాళ్ళు తిరిగిపోవాలి. పాత టికెట్ల గరిష్ఠ గడువు పూర్తిగా దాటాక, కేటీరిమూవ్‌తో పాత నంబరు తీసేయండి. ఇకముందు కీ మార్చే పని ట్రాఫిక్ తక్కువున్న వేళ పెట్టుకోండి. కేడీసీలో కీ మారిన క్షణానికీ, ఫైలు అన్ని సర్వర్లకూ చేరే క్షణానికీ మధ్య ఖాళీ తప్పదు.

కీ మార్చకుండా తీయాలంటే కేడీసీ మెషీన్ మీదే కేఅడ్మిన్.లోకల్‌లో -నోర్యాండ్‌కీ ఆప్షన్ ఉంది.

ప్రశ్న: మా పోర్టల్ వాడుకరి పేరుతోనే వెనకున్న ఫైల్ సర్వర్‌కి వెళ్ళాలి. డెలిగేషన్ (వాడుకరి తన టికెట్టుని పోర్టల్‌కి అప్పగించడం) పెట్టాం. కొందరికి తమవి కాని ఫైళ్ళు కనిపిస్తున్నాయి. మెమరీ కూడా రోజురోజుకీ పెరుగుతోంది.
— బెంగళూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఫైళ్ళ సంగతి తేలేదాకా ఆ పోర్టల్‌ని ఆపి ఉంచండి. మెమరీ సంగతి తర్వాత.

జీఎస్ఎస్_యాక్సెప్ట్_సెక్_కాంటెక్స్ట్ పూర్తయ్యాక డెలిగేటెడ్ క్రెడెన్షియల్ ఒకటి మీ చేతికొస్తుంది, వాడుకరి పంపితేనే. పంపకపోతే, ఉదాహరణకి వాళ్ళ టికెట్టు ఫార్వర్డబుల్ (ఇంకో మెషీన్‌కి అప్పగించదగ్గది) కాకపోతే, ఆ చోట ‘నో క్రెడెన్షియల్’ అనే ఖాళీ విలువ ఉంటుంది. దాన్ని చూడకుండా మీరు అలాగే జీఎస్ఎస్_ఇనిట్_సెక్_కాంటెక్స్ట్‌కి ఇస్తే ఎర్రర్ రాదు. అక్కడ ఖాళీ అంటే ‘డీఫాల్ట్ క్రెడెన్షియల్ వాడు’ అని అర్థం. అంటే మీ పోర్టల్ సొంత పేరుతో ఫైల్ సర్వర్‌కి వెళ్తుంది. పోర్టల్‌కి అన్ని ఫోల్డర్లూ తెరిచి ఉంటే, టికెట్టు ఇవ్వని వాడుకరికి అన్నీ కనిపిస్తాయి. ఈ ఏపీఐ మొత్తంలో ఇంతకంటే ప్రమాదకరమైన చోటు మాకు కనిపించలేదు. తిరిగొచ్చిన ఫ్లాగుల్లో డెలిగేషన్ బిట్ ఉందా, హ్యాండిల్ ఖాళీ కాదా, రెండూ చూసి ఏది లేకపోయినా అక్కడే తిప్పి పంపండి.

రెండో అనుమానం: డెలిగేటెడ్ టికెట్లను ఫైల్లో దాచి, సెటెన్వ్‌తో కేఆర్‌బీ5సీసీనేమ్ మారుస్తున్నారేమో చూడండి. ఎన్విరాన్‌మెంట్ ప్రాసెస్ మొత్తానికి ఒకటే. ఒక థ్రెడ్ పేరు మార్చిన క్షణంలో ఇంకో థ్రెడ్ చదివితే ఒకరి టికెట్టు ఇంకొకరికి పోతుంది. దాచాల్సిన పనే లేదు, వచ్చిన హ్యాండిల్‌ని నేరుగా తర్వాతి కాంటెక్స్ట్‌కి ఇవ్వొచ్చు. దాచక తప్పకపోతే జీఎస్ఎస్_స్టోర్_క్రెడ్_ఇంటూతో వాడుకరికొక క్యాష్‌లో పెట్టి, జీఎస్ఎస్_అక్వైర్_క్రెడ్_ఫ్రమ్‌లో ఆ క్యాష్ పేరు చెప్పి తీసుకోండి.

ఇక మెమరీ. డెలిగేటెడ్ హ్యాండిల్‌ని వదలాల్సింది మీరే. కాంటెక్స్ట్ డిలీట్ చేస్తే అది పోదు. ఎర్రర్ వచ్చి మధ్యలో తిరిగిపోయే దారుల్లో కూడా జీఎస్ఎస్_రిలీజ్_క్రెడ్ ఉండాలి. పేర్లకీ బఫర్లకీ వేరే రిలీజ్ ఫంక్షన్లున్నాయి, అవీ చూసుకోండి.

ప్రశ్న: లాగ్‌లో ఎప్పుడూ ‘అన్‌స్పెసిఫైడ్ జీఎస్ఎస్ ఫెయిల్యూర్’ అనే వస్తుంది. అసలు కారణం ఎలా తెలుస్తుంది?
— గుంటూరు నుంచి ఒక విద్యార్థి

జవాబు: మీరు మేజర్ కోడ్ ఒక్కటే అచ్చు వేస్తున్నారు. కెర్బరోస్ చెప్పే కారణం మైనర్ కోడ్‌లో ఉంటుంది. జీఎస్ఎస్_డిస్‌ప్లే_స్టేటస్‌ని మైనర్‌కి కూడా పిలవండి, మెసేజ్ కాంటెక్స్ట్ సున్నా అయ్యేదాకా లూపులో. ఫెయిలైన వెంటనే, అదే థ్రెడ్‌లో పిలవాలి. ఇంకా వివరం కావాలంటే కేఆర్‌బీ5_ట్రేస్ వేరియబుల్‌కి ఒక ఫైలు పేరిచ్చి నడపండి, ఏ క్యాష్ తెరిచింది, ఏ ప్రిన్సిపల్‌కి టికెట్టు అడిగింది వరుసగా రాస్తుంది. కాలేజీ ల్యాబ్‌లో వర్చువల్ మెషీన్లైతే ముందు గడియారాలు చూడండి. తేడా 300 సెకన్లు దాటితే డీఫాల్ట్‌గా ఒప్పుకోదు.

ప్రశ్న: కీట్యాబ్‌ని డాకర్ ఇమేజ్‌లో పెట్టి, తర్వాతి స్టెప్పులో డిలీట్ చేస్తే సరిపోతుందా?
— డల్లాస్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: సరిపోదు. ముందు లేయర్‌లో ఫైలు అలాగే ఉంటుంది, ఇమేజ్ ఉన్నవాళ్ళెవరైనా తీసుకోవచ్చు. కీట్యాబ్ అంటే పాస్‌వర్డే. అది ఉన్నవాళ్ళు ఆ సర్వీసుకి వచ్చే ఏ వాడుకరి పేరుతోనైనా దొంగ టికెట్టు తయారు చేయగలరు. కంటైనర్ నడిచేటప్పుడు బయటి నుంచి మౌంట్ చేయండి, పర్మిషన్ 600, ఓనర్ సర్వీసు నడిపే యూజర్. వీలైతే జీఎస్ఎస్‌ప్రాక్సీ అనే డెమన్ (వెనకాల నడిచే ప్రోగ్రాం) వాడండి. అప్పుడు కీట్యాబ్ ఆ డెమన్ దగ్గరే ఉంటుంది, మీ అప్లికేషన్ దాన్ని చదవాల్సిన పనే ఉండదు. ఇప్పటికే ఇమేజ్ రిజిస్ట్రీకి వెళ్ళి ఉంటే ఇమేజ్ తీసేయడంతో ఆగకండి, ఆ ప్రిన్సిపల్ కీ ఈరోజే మార్చండి. ఈసారి మాత్రం పాత కీ నంబరుని కీట్యాబ్‌లో ఉంచకండి. కాసేపు కొందరు వాడుకరులు మళ్ళీ లాగిన్ కావాల్సి వచ్చినా సరే.