తిత్తా, కణితా, గడ్డా?

సందేహం: మా అత్తమ్మకు కాలేయంలో ఉన్నది కుక్కల వల్ల వచ్చే పురుగు 'తిత్తి' అని వరంగల్‌లో స్కానింగ్ చూసిన డాక్టరు చెప్పారు. ఆపరేషన్ తర్వాత రిపోర్టు చూసి, అది పురుగు కాదు, 'నిరపాయకరమైన కణితి' అన్నారు. ఇంట్లో మేమంతా 'గడ్డ' అంటున్నాం. ఏది సరైన మాట?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: 'గడ్డ' చాలా పెద్ద గంప. ఉల్లిగడ్డ, మట్టిగడ్డ, మంచుగడ్డ, సెగగడ్డ అన్నీ అందులో పడతాయి. ఇంటి మాటగా తప్పేమీ లేదు. కానీ చీముగడ్డను కూడా గడ్డే అంటాం కాబట్టి వైద్యంలో అది చాలదు.

తిత్తి అంటే తోలుసంచి. కొలిమితిత్తి, ఊపిరితిత్తి చూడండి. అది ఆకారాన్ని చెప్పే మాట: చుట్టూ గోడ, లోపల ద్రవమో గాలో. ఎందుకు పుట్టిందో చెప్పదు. కణితి పుట్టుకను చెబుతుంది: మన ఒంటి కణాలే అదుపు తప్పి పెరగడం. (కణం నుంచే కణితి వచ్చిందనుకునేరు! అది 'కంతి'కి చుట్టం. జీవకణం అనే అర్థంలో 'కణం' కొత్త వాడుక.)

అంటే ఒకే వస్తువు తిత్తీ కావచ్చు, కణితీ కావచ్చు. కాలేయంలో అరుదుగా, ఎక్కువగా నడివయసు స్త్రీలలో, జిగురు ద్రవంతో నిండిన తిత్తిలాంటి కణితి పుడుతుంది. దాని లోపల అడ్డుగోడలుంటాయి. కుక్క పేగుల్లో బతికే ఒక చిన్న బద్దెపురుగు గుడ్లు మనిషి కడుపులోకి చేరితే కాలేయంలో ఏర్పడే హైడాటిడ్ తిత్తిలోనూ పిల్లతిత్తులు ఒకదానికొకటి ఒరుసుకుని ఉంటాయి. స్కానింగ్‌లో ఆ అడ్డుగోడలు, ఈ పిల్లతిత్తులు ఒకేలా కనిపించవచ్చు. రక్తపరీక్ష ప్రతిసారీ తేల్చదు. సూది గుచ్చి చూద్దామంటే, హైడాటిడ్ అయిన పక్షంలో ద్రవం లోపల చిమ్మి తీవ్రమైన అలర్జీ రావచ్చు. చాలాసార్లు తీసిన ముక్కను సూక్ష్మదర్శిని కింద చూశాకే తేలుతుంది. మొదటి డాక్టరు పురుగు విషయంలో పొరబడినా, 'తిత్తి' అన్న మాటలో పొరబడలేదు.

నాకు నచ్చనిది 'నిరపాయకరమైన' అన్నది. నిర్ + అపాయం, అపాయమే లేనిదని కదా అర్థం! ఈ రకం కణితిని వదిలేస్తే కొందరిలో క్యాన్సర్‌గా మారవచ్చు. అందుకే మొత్తంగా తీసేస్తారు. 'క్యాన్సర్ కాని కణితి' అంటే ఉన్నదున్నట్టు చెప్పినట్టవుతుంది.