ఆప్ట్ మొరాయిస్తే ముందు ఆ రెండో వరుస చదువు

అనంతపురం

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

కడప కాలేజీ ల్యాబు నీ చేతికి వచ్చిందనీ, ముప్పై ఉబుంటు మిషన్లలో సగానికి, సాఫ్ట్‌వేర్ దించి ఎక్కించే ఆప్ట్ కమాండు కొడితే 'ఫెయిల్డ్ టు ఫెచ్' అని వస్తోందనీ రాసినావు. దొరికిన కమాండ్లన్నీ వరసగా కొట్టి చూసినానని కూడా రాసినావు. ఆ పని మాత్రం మానుకో నాయనా. 'ఫెయిల్డ్ టు ఫెచ్' అంటే ఒళ్లు కాలుతోందని చెప్పడమే, రోగం పేరు కాదు. 'సుడో ఆప్ట్ అప్‌డేట్' కొట్టినప్పుడు 'ఎర్' అని మొదలయ్యే వరుస కింద, కాస్త లోపలికి జరిగి ఇంకో వరుస ఉంటుంది. రోగం పేరు అక్కడుంటుంది. ఒక్కో పేరుకు ఒక్కో మందు.

'టెంపరరీ ఫెయిల్యూర్ రిసాల్వింగ్' అని ఉంటే సర్వర్ పేరుకు అడ్రసు దొరకలేదని అర్థం. 'పింగ్ 8.8.8.8' కొట్టు, అది గూగుల్ సర్వర్ అడ్రసు. అది పలికి, పేరుతో కొట్టిన పింగ్ పలక్కపోతే, పేరుకు అడ్రసు చెప్పే డీఎన్ఎస్ తప్పు. నెట్‌వర్క్ సెట్టింగుల్లోనే డీఎన్ఎస్ మార్చు. రిజాల్వ్.కాన్ఫ్ ఫైలును చేత్తో దిద్దితే ఉబుంటులో ఆ మార్పు నిలవదు. కాలేజీ వాళ్లు పింగ్‌ను ఆపేసి ఉంటే ఈ పరీక్ష పనికిరాదు, అది గుర్తుంచుకో.

బ్రౌజర్ తెరుచుకుంటోంది, ఆప్ట్ మాత్రం పోవడం లేదంటే ప్రాక్సీ, అంటే మధ్యలో నిలబడి నెట్ అందించే సర్వర్, సంగతి చూడు. బ్రౌజర్‌లో పెట్టిన ప్రాక్సీ ఆప్ట్‌కు తెలియదు. దానికి వేరుగా /ఈటీసీ/ఆప్ట్/ఆప్ట్.కాన్ఫ్.డి లో ఒక ఫైలు రాయాల. పాత ల్యాబులో రాసిన ప్రాక్సీ వరుస అందులోనే మిగిలిపోయి, కొత్తచోట 'కుడ్ నాట్ కనెక్ట్' అని తన్నడమూ మామూలే. ఆ ఫోల్డరులో 'ప్రాక్సీ' అనే మాట కోసం గ్రెప్ (ఫైళ్లలో మాట వెతికే కమాండు) కొడితే పట్టుబడుతుంది. 'నోడేటా' అనే మాట కనిపిస్తే వైఫై లాగిన్ పేజీ అడ్డం పడినట్టు: ఆప్ట్ ప్యాకేజీల పట్టిక అడిగితే నెట్‌వర్క్ లాగిన్ పేజీని చేతిలో పెడుతోంది. బ్రౌజర్‌లో లాగిన్ అయి, మళ్లీ అప్‌డేట్ కొట్టు.

'నాట్ వాలిడ్ యెట్' అని వచ్చిందా, గోడ గడియారం వైపు చూడు. మిషన్ టైము వెనకబడింది. పక్కనే బ్రాకెట్లో ఇంకా ఎన్ని గంటలు చెల్లదో కూడా రాసి ఉంటుంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ టైము వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది; చాలా బోర్డుల్లో ఉండేది అదే బిళ్ల. అది మార్చి, 'టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-ఎన్‌టీపీ ట్రూ' కొట్టు. ఫైర్‌వాల్‌లో యూడీపీ 123 పోర్టు మూసి ఉంటే టైము దానంతట అది సరికాదు, చేత్తో దిద్దాల.

'404 నాట్ ఫౌండ్' పోయిన నెల చీటీ పట్టుకుని సంతకు పోవడమే. నీ దగ్గరున్న పట్టికలో పాత వెర్షన్ ఉంది, సర్వర్‌లో దాన్ని తీసేసి కొత్తది పెట్టినారు. అప్‌డేట్ చేయకుండా ఇన్‌స్టాల్ కొడితే ఇదే వస్తుంది. అప్‌డేట్ చేసినా 404 అంటే మిషన్‌లో ఏ ఉబుంటు ఉందో చూడు. ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి అప్‌డేట్లు వచ్చేవి) కాని వాటికి 9 నెలలే ఆయుష్షు. 23.10 కు 2024 జూలైతో సరి, దాని ప్యాకేజీలు 'ఓల్డ్-రిలీజెస్' సర్వర్‌కు పోయినాయి. ఆర్కైవ్, సెక్యూరిటీ రెండు అడ్రసులూ అటు మారిస్తే డౌన్‌లోడ్ అవుతుంది గానీ భద్రతా అప్‌డేట్లు రావు. పిల్లలు వాడే మిషన్లు అట్లా ఉండకూడదు, 24.04 ఎక్కించు.

ఇక అందరినీ తిప్పలు పెట్టేది 'హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్'. పట్టికలో రాసిన గుర్తుకూ, దిగిన ఫైలుకూ పొంతన కుదరలేదు. మిర్రర్, అంటే ప్యాకేజీల నకలు ఉంచే సర్వర్, సగం మారి సగం మారకుండా ఉండొచ్చు, దారిలో ప్రాక్సీ పాత ఫైలు అందించి ఉండొచ్చు, డౌన్‌లోడే చెడిపోయి ఉండొచ్చు. 'మిర్రర్ సింక్ ఇన్ ప్రోగ్రెస్' అని కూడా ఉంటే ఏమీ చేయొద్దు, కొన్ని గంటలాగి మళ్లీ కొట్టు. లేకుంటే 'సుడో ఆప్ట్ క్లీన్' కొట్టి, /వర్/లిబ్/ఆప్ట్/లిస్ట్స్ లోపలున్నవి తుడిచి, అప్‌డేట్ కొట్టు. తుడిచేటప్పుడు చివరి స్లాష్‌కూ నక్షత్రానికీ మధ్య ఖాళీ రానీయొద్దు. వస్తే నువ్వు నిలబడ్డ ఫోల్డరంతా ఊడ్చుకుపోతుంది. అప్పటికీ కుదరకపోతే 24.04 లో ఉబుంటు.సోర్సెస్ ఫైలు తెరిచి, 'ఇన్.ఆర్కైవ్' లోని 'ఇన్.' తీసేసి మెయిన్ సర్వర్‌తో చూడు. ముప్పై మిషన్లలోనూ ఒకే ఫైలు దగ్గర ఆగుతుంటే తప్పు మిషన్లది కాదు, ప్రాక్సీదో మిర్రర్‌దో. ఒక మిషన్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి అప్‌డేట్ కొట్టు. సాఫీగా అయితే తప్పు కాలేజీ ప్రాక్సీలోనే ఉందని దాదాపు తేలినట్టే.

'నో పబ్‌కీ' అని వస్తే, అంటే ప్యాకేజీల పట్టిక మీది సంతకం సరిచూసే తాళంచెవి లేకపోతే, 'ట్రస్టెడ్=యెస్' అని రాసేసి ఆ పరీక్ష తప్పించుకోమనే సలహా నీకు చాలా చోట్ల దొరుకుతుంది. వద్దు నాయనా. చెడ్డ ఫైలును గడప బయట ఆపే కాపలా ఆ సంతకం పరీక్షే. తాళంచెవి లేకపోతే ఆ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ల దగ్గర్నుంచే కొత్తది తెచ్చి పెట్టు.

'కుడ్ నాట్ గెట్ లాక్' వస్తే డౌన్‌లోడ్ తప్పేమీ లేదు, చాలావరకు వెనక తనంతట తాను అప్‌డేట్ జరుగుతూ ఉంటుంది. పది పదిహేను నిమిషాలు ఆగు. లాక్ ఫైలు తీసేస్తే రెండు ప్రోగ్రాములు ఒకేసారి రాసి డేటాబేస్ చెడిపోవచ్చు. ఎండాకాలంలో ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోతే మాత్రం 'సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ', ఆపైన 'సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్' కొట్టు. డిస్కు నిండిందేమో 'డీఎఫ్ -హెచ్' తో చూసుకో. /బూట్ నిండితే 'ఆటోరిమూవ్' పాత కర్నెళ్లను తీసేస్తుంది.

ల్యాబు కుదుటపడినాక ఒక మిషన్‌లో ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ పెట్టు, అది దిగిన ప్యాకేజీలను దాచి ఉంచే ప్రాక్సీ. దాని పోర్టు 3142. ఒకసారి దిగిన ప్యాకేజీ మిగతా ఇరవై తొమ్మిదింటికీ అక్కడినుంచే పోతుంది, కాలేజీ నెట్ మీద బరువు తగ్గుతుంది.

రేపు ఆగిపోతున్న మిషన్లలో మూడింటి దగ్గర కూర్చుని, 'ఎర్' వరుసా దాని కింది వరుసా అక్షరం మార్చకుండా ఫోటో తీసి నాకు పంపు. మూడింట్లో ఒకటే ఉందో, మూడు వేరువేరో చూసి మిగతాది చెప్తాను.

మీ మామ