దొంగలు దొరక్కపోయినా పరిహారం వస్తుంది, మా నాన్నకు వచ్చింది

"మా అన్నయ్యను రాత్రిపూట ఎవరో కత్తితో పొడిచి డబ్బు లాక్కుపోయారు. ఏడాదైనా దొరకలేదు, పోలీసులు కేసు మూసేశారు. చేసినవాడే దొరకనప్పుడు పరిహారం ఎవరిస్తారు? లాయర్‌కి ఎంత అవుతుంది?" అని మీరు అడిగారు.

ప్రభుత్వం ఇస్తుంది. లాయర్‌ని పెట్టుకోనక్కర్లేదు. మా ఇంట్లో జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది చిన్న టౌన్. బస్టాండ్ వెనక నాన్నకు కిరాణా కొట్టు. 2022 నవంబర్‌లో ఒక రాత్రి పదిన్నరకు షట్టర్ దించుతుంటే బండి మీద ఇద్దరు వచ్చి చేతిసంచి లాగారు. నాన్న వదల్లేదు. ఒకడు కత్తి తీస్తే కుడిచేత్తో ఆ కత్తినే పట్టుకున్నాడు. సంచిలో ఉన్నది 18 వేలు. అరచెయ్యి అడ్డంగా తెగి నరాలు తెగిపోయాయి. రెండు ఆపరేషన్లు చేసినా చూపుడు వేలు, మధ్య వేలు ఈరోజుకీ ముడుచుకోవు. మర్నాడు పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి, వ్యాపారి దగ్గర 18 వేలు లాక్కెళ్లారని. చెయ్యి సంగతి ఒక్క ముక్క లేదు. ఆ పేపర్ చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంకో బాధ. రోడ్డు ప్రమాదంలో కాలు విరిగితే, కట్టు కట్టకముందే మంచం దగ్గరకు ఎవరో ఒకరు వచ్చి "క్లెయిమ్ వేద్దామా" అని అడుగుతారు. కత్తిపోటు తిన్నవాడి దగ్గరకు ఎవరూ రారు. స్టేషన్‌లో రైటర్ చెప్పలేదు. "పోలీసు కేసా?" అని మొహం మార్చుకుని ముందు 50 వేలు కట్టించుకున్న ఆసుపత్రివాళ్లూ చెప్పలేదు. తెలిసినవాళ్లందరూ సీఎం రిలీఫ్ ఫండ్‌కి అర్జీ పెట్టుకోమన్నారు, అంతే. బాధితుల పరిహారం కోసం సీఆర్పీసీలో, అంటే పాత నేర విచారణ చట్టంలో, 357ఎ సెక్షన్ 2009 చివరి రోజునే అమల్లోకి వచ్చింది. నాన్న చెయ్యి తెగేనాటికి దాదాపు పదమూడేళ్లు. చదువుకున్న మా ఇంట్లోనే దాని పేరు విన్నవాళ్లు లేరు. ఇప్పుడు అదే, ఆ చట్టం స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 396వ సెక్షన్. నేరం చేసినవాడి ఆచూకీ తెలియక విచారణే జరగకపోతే బాధితుడు, లేదా అతని మీద ఆధారపడినవాళ్లు నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చని అందులో నాలుగో ఉపవిభాగం చెబుతుంది. మీ అన్నయ్యది అచ్చంగా అదే పరిస్థితి.

పద్నాలుగు నెలలకు కానిస్టేబుల్ ఒక నోటీసు తెచ్చి ఇచ్చాడు. నిందితులు దొరకలేదు, కేసు ముగిస్తున్నాం అని. ఆ రోజు నాన్న అన్నం తినలేదు. నోటీసు మడిచి పద్దుల పుస్తకం అడుగున పెట్టేశాడు. తర్వాత కొన్నాళ్లకు, కోర్టులో గుమస్తాగా చేసి రిటైరైన ఒక పెద్దాయన కందిపప్పు కోసం వచ్చి, కేసు ఏమైందని అడిగాడు. నాన్న చెప్పాడు. "ఆ కాగితం ఏదీ? పారేశావా ఏంటి? దాంతోనే నీకు పని" అన్నాడాయన. మేము అన్నీ అయిపోయాయని దాచిన కాగితమే మాకు దారి చూపించింది. అందుకే మీకు మొట్టమొదట చెబుతున్నా, ఆ నోటీసు జాగ్రత్త.

వెళ్లాల్సింది జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. లోక్ అదాలత్ ఆఫీసు అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. దరఖాస్తుకు ఫీజు లేదు, రాయడం తెలియకపోతే అక్కడి పారా లీగల్ వాలంటీర్లు రాసిపెడతారు. మేము ఎఫ్ఐఆర్ కాపీ, గాయాల గురించి డాక్టర్ రాసిచ్చే వూండ్ సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు, ఆ నోటీసు, ఆధార్, పాస్‌బుక్ జిరాక్సులు పెట్టాం. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, దానికి ఎవరికీ టీ డబ్బులు కూడా ఇవ్వొద్దు. వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్ కోసం మాత్రం చాలా తిరిగాం. మీసేవలో స్లాట్ దొరకడానికే రెండు నెలలు, తీరా క్యాంపుకు వెళితే ఎముకల డాక్టర్ గారు సెలవు. వేళ్లు ముడుచుకోని మనిషిని రెండుసార్లు బస్సెక్కించి తిప్పడం ఏం న్యాయం? కోర్టు గేటు దగ్గర ఒకాయన "నూటికి ఇరవై ఇవ్వండి, నేను చూసుకుంటా" అని కూడా వచ్చాడు. మీ దగ్గరకూ వస్తారు. దండం పెట్టి లోపలికి వెళ్లిపోండి.

విచారణ రోజు నాకు బాగా గుర్తు. ఆ సంస్థ సెక్రటరీ గారు, ఆయన జడ్జి గారే, నాన్నను కూర్చోమని చెయ్యి చూపించమన్నారు. నాన్న బల్ల మీద అరచెయ్యి తెరిచి పెట్టాడు. వేళ్లు మూయమంటే మూడు మూసుకున్నాయి, రెండు నిటారుగా ఉండిపోయాయి. స్టేట్‌మెంట్ రాసుకున్నాక క్లర్క్ ఇంకు ప్యాడ్ జరిపి "ఎడమ బొటనవేలు వెయ్యండి పెద్దాయనా" అన్నాడు. ముప్పై ఏళ్లు ఆ టౌన్ మొత్తానికి అప్పు పద్దులు రాసిన మనిషి మా నాన్న. "వేలిముద్ర వెయ్యను బాబూ, సంతకం చేస్తాను" అన్నాడు. ఎడమచేత్తో పెన్ను పట్టుకుని ఒక్కో అక్షరం పెట్టాడు. మధ్యలో పెన్ను జారితే నేను అందుకోబోయాను, వద్దని తల ఊపాడు. సెక్రటరీ గారు ఫైలు మూయకుండా, ఇంకొకరిని పిలవకుండా, అయ్యేదాకా చూస్తూ కూర్చున్నారు. ఏడాదిన్నరలో మా నాన్నను మనిషిగా చూసిన ఆఫీసు అదొక్కటే.

చట్టంలో రెండు నెలల్లో తేల్చాలని ఉంది. మాకు ఏడు నెలలు పట్టింది. లక్ష రూపాయలు నేరుగా నాన్న ఖాతాలో పడ్డాయి. ఆసుపత్రి ఖర్చు 2 లక్షల 80 వేలు, కాబట్టి అది సరిపోయిందని నేననను. ఎంత ఇస్తారన్నది రాష్ట్ర పథకాన్ని బట్టీ, దెబ్బను బట్టీ ఉంటుంది. ఆడవాళ్ల మీద జరిగే లైంగిక దాడులు, యాసిడ్ దాడులకు 2018 నుంచి జాతీయ న్యాయ సేవాధికార సంస్థ పథకం విడిగా ఉంది. అంతకుముందే 2013లో, యాసిడ్ దాడికి గురైన లక్ష్మి వేసిన కేసులో సుప్రీంకోర్టు యాసిడ్ బాధితులకు కనీసం 3 లక్షలు ఇవ్వాలంది, అందులో మొదటి లక్ష పదిహేను రోజుల్లోనే. ఒక అమ్మాయి పట్టుబట్టి పోరాడితే వచ్చిన తీర్పు అది. కత్తిపోటు తిన్న కూలీకి, కిరాణావాడికి అలాంటి గడువు ఎందుకు ఉండకూడదు?

మా బంధువులైతే "పోయిన వేళ్లు తిరిగొస్తాయా? ప్రభుత్వం దగ్గర చెయ్యి చాపడం దేనికి?" అన్నారు. చెయ్యి చాపడం కాదిది. దాడి జరిగేనాటికి ఆ వీధిలో లైటు మూడు నెలలుగా వెలగడం లేదు. పన్ను కట్టినవాడిని కాపాడలేనప్పుడు వైద్యం ఖర్చులో కొంతైనా భరించడం ప్రభుత్వం బాధ్యత. ఆ లక్షలో కొంత పెట్టి కొట్టుకు మోటార్ షట్టర్ వేయించాం, చేత్తో దించడం నాన్న వల్ల కావడం లేదు.

మీ లాయర్ ప్రశ్నకు వస్తే, ముందు 15100కి ఫోన్ చేయండి, న్యాయ సహాయం నంబర్ అది. దరఖాస్తుకు గడువు ఉంటుంది కాబట్టి నోటీసు మీద తేదీ చూసుకోండి. దాటిపోయిందేమో అని మీకు మీరే తీర్పు చెప్పుకుని ఆగిపోవద్దు, ఆలస్యానికి కారణం రాసి దరఖాస్తుతో పాటే పెట్టండి. మేము అలాగే పెట్టాం, తీసుకున్నారు. అన్నయ్యను కూడా వెంటబెట్టుకుని సోమవారం ఉదయమే వెళ్లండి.